గీత మారింది, నీ ఖర్మ!

సాఫ్ట్‌వేర్ లోకంలో పెద్దలు చిన్నవాళ్లకిచ్చే దీవెన ఒకటుంది: "ముందు మాన్యువల్ చదివి తగలడు!" ఇంగ్లిషులో ఈ దీవెన నాలుగే నాలుగు అక్షరాలు, అందులో మూడోది బూతు. సందేహం అడిగినవాడి మొహాన దాన్ని కొట్టి, తలుపేసుకుని, లోపల తాపీగా టీ తాగడం ఈ రంగంలో తరతరాల ఆచారం. చెప్పడం చేతగాక కాదండీ, చెబితే కుర్రాళ్లు పాడైపోతారని!

సరే, చదివాం. చదివాక ఒక మనవి చేసుకోవాలనిపించింది. అయ్యా, ఆ మాన్యువల్‌ని తమరెప్పుడైనా తెర మీద తెరిచి చూశారా? రాసినప్పుడు కాదు, రాసేశాక. అక్షరాలు పేర్చే యంత్రం లోపలికి వెళ్లి బయటికొచ్చాక అందులో ఏమేం మిగిలాయో చూశారా?

నేనిది జహీరాబాద్ నుంచి అడుగుతున్నాను. హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద పడమరకు వస్తే కర్ణాటక సరిహద్దుకు కాస్త ముందు తగిలే ఊరు. చెరకు తోటలు, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, ఒక్క బజారులోనే తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ. ఇక్కడ కంప్యూటర్ నేర్చుకునే పిల్లలకు పక్క సీట్లో పదేళ్ల అనుభవమున్న సీనియర్ ఉండడు. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే అన్నయ్యకు ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నరా, మళ్ల చేస్త" అంటాడు. నెట్ ఆడని పూట మిగిలేది ఒక్కటే: లినక్స్ ఉన్న దాదాపు ప్రతి కంప్యూటర్లోనూ ముందే వేసి ఉండే మ్యాన్ పేజీలు. 'మ్యాన్' అని కొట్టి పక్కన ఆదేశం పేరు కొడితే చాలు, దాని జాతకమంతా తెర మీదికి వస్తుంది. పైసా ఖర్చు లేదు, నెట్ అక్కర్లేదు.

అంటే ఏమిటన్నమాట? చెప్పేవాళ్లున్నవాడు మాన్యువల్ తెరవడు. ఎవరూ లేనివాడే తెరుస్తాడు. మాన్యువల్లో తప్పు దొర్లితే దాని జరిమానా కట్టేది కూడా సరిగ్గా వాడే. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, పన్నుల శాఖ వాళ్లకు కూడా ఇంత కచ్చితంగా గురి కుదరదు.

ఇక్కడి ఒక ల్యాబులో డిగ్రీ మొదటి సంవత్సరం కుర్రాడు ఫైళ్ల జాబితా వివరంగా చూడాలనుకున్నాడు. 'ఎల్ఎస్' అని కొట్టి, పక్కన ఒక అడ్డగీత, దానికి అంటుకుని ఒక 'ఎల్'. తను చదివిన ఒక మ్యాన్ పేజీలో అలాగే ఉంది. బుద్ధిమంతుడు కదా, తప్పు పోకూడదని గీతనీ ఎల్‌నీ అక్కడినుంచే కాపీ చేసి పెట్టాడు. అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు పొమ్మంది కంప్యూటర్.

"సార్, అయితలేదు."

"సరిగ్గ కొట్టు బిడ్డా."

"కొట్టలేదు సార్, కాపీ చేసిన."

"కాపీ కొడితే గట్లనే అయితది!"

క్లాసంతా నవ్వింది. కుర్రాడు తల దించుకున్నాడు. తప్పు వాడిది కాదు. ఆ మాట వాడికి చెప్పినవాళ్లూ లేరు.

జరిగిందేమిటంటే, మన కీబోర్డు మీదుండే అడ్డగీతకు యూనికోడ్‌లో ఒక నంబరుంది. పుస్తకాలు అచ్చు వేసేవాళ్లు రెండు మాటల్ని కలపడానికి వాడే హైఫన్‌కు ఇంకో నంబరుంది. కంటికి రెండూ కవల పిల్లలు. కంప్యూటర్‌కు మాత్రం ఒకటి అల్లుడైతే ఇంకొకటి దారిన పోయే దానయ్య. మ్యాన్ పేజీలను పేర్చి పెట్టే ప్రోగ్రామ్ పేరు జీరాఫ్, గ్నూ ప్రాజెక్టు వాళ్లది. మూలంలో ఉత్త గీత కనబడితే 'ఇది వాక్యంలోని హైఫన్ కాబోలు' అనుకుని దాన్ని అందమైన అచ్చు గీతగా మార్చేస్తుంది. 'కాదయ్యా, ఇది ఆదేశంలో కొట్టాల్సిన గీత' అని చెప్పాలంటే దానికి ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి. \- అని. అంతే, ఒక్క మీట ఎక్కువ. ఆ ఒక్క మీట నొక్కడానికి రచయితగారి చిటికెన వేలికి తీరిక లేకపోయింది.

కాపీతోనే పోలేదు. ఆ పేజీలో ఫలానా గీత-ఎల్ ఎక్కడుందా అని వెతికినా దొరకదు. కీబోర్డు మీది గీతతో వెతుకుతాం, అక్కడున్నది అచ్చు గీత. కళ్లెదురుగా ఉన్నదాన్నే 'దొరకలేదు' అంటుంది తెర. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి తన కళ్ల మీద తనకే అనుమానం పుట్టించే విద్య ఇది.

దీని మీద ఒక పెద్ద రభసే జరిగింది. ఏళ్ల తరబడి జీరాఫ్ వాళ్లే జాలిపడి, రచయితలు బ్యాక్‌స్లాష్ మరిచిపోయినా మ్యాన్ పేజీల్లో ఉత్త గీతను కీబోర్డు గీతగానే చూపించేవారు. 2023 జులైలో వచ్చిన 1.23 వెర్షన్‌లో ఆ జాలి మానేశారు. ఎవరు చేసిన తప్పు వాళ్లకే కనబడాలన్నారు. ఒక్కసారిగా వేల పేజీల్లో గీతలు అచ్చు గీతలైపోయాయి. డెబియన్ వంటి లినక్స్ పంపిణీదారులు గుండెలు బాదుకుని తమ వంతుగా పాత జాలిని మళ్లీ తెచ్చి అతికించుకున్నారు. జీరాఫ్ వాళ్లది సూత్రం, డెబియన్ వాళ్లది కనికరం. నన్నడిగితే సూత్రమే సబబు. కానీ ఆ సూత్రం ఎవరి వీపు మీద పడింది? బ్యాక్‌స్లాష్ పెట్టని రచయితకు ఒక్క దెబ్బా తగల్లేదు. చదివేవాడికే తగిలింది. గీత మారింది, నీ ఖర్మ!

గీత సంగతి ఇలా ఉంటే చుక్క సంగతి ఇంకా ఘోరం.

మ్యాన్ పేజీ రాసే పద్ధతిలో వరుస మొదట్లో చుక్క ఉంటే అది ఆజ్ఞ. చుక్క పక్కన రెండక్షరాలు ఉంటే పేరా మార్చు, శీర్షిక వెయ్యి, లావు అక్షరాలు చెయ్యి అని. బాగానే ఉంది. అయితే లినక్స్‌లో చాలా ఫైళ్ల పేర్లు చుక్కతోనే మొదలవుతాయి. ఊహించుకోండి. రచయితగారు ఇలా రాశారు: 'ఈ ఆదేశం పాత ఫైళ్లన్నిటినీ తుడిచేస్తుంది, .కాన్ఫిగ్ ఉన్న చోట మాత్రం వాడవద్దు.' ఆయన వాడే ఎడిటర్ వరుస పొడవైందని మధ్యలో విరిచింది. విరిచిన రెండో ముక్క చుక్కతో మొదలైంది. జీరాఫ్ చూసింది. 'కాన్ఫిగ్ అట. అలాంటి ఆజ్ఞ నా దగ్గర లేదే' అనుకుంది. లేనప్పుడు ఏం చెయ్యాలి? అడగాలి, అరవాలి. అదేం చెయ్యదు. గుట్టుచప్పుడు కాకుండా ఆ వరుస మొత్తాన్ని మింగేస్తుంది. తెర మీద మిగిలేది 'ఈ ఆదేశం పాత ఫైళ్లన్నిటినీ తుడిచేస్తుంది' అనే శుభవార్త. వాడవద్దన్న హెచ్చరిక గంగలో కలిసింది. అసెంబ్లీ రికార్డుల్లోంచి మాటలు తొలగించాలన్నా స్పీకర్‌గారు ఆ మాట పైకి చెబుతారు. ఇక్కడ ఆ పాటి మర్యాద కూడా లేదు.

వరుస మొదట్లో ఒంటి కొటేషన్ గుర్తు (') పడ్డా ఇదే గతి. రెంటికీ మందు ఒకటే: ముందు \& అని రెండు గుర్తులు వెయ్యాలి. అవి తెర మీద కనబడవు, చోటు తీసుకోవు. 'ఇది ఆజ్ఞ కాదు, మాట' అని చెప్పి ఊరుకుంటాయి.

లావు అక్షరాలు మొదలెట్టి ఆపడం మరిచిపోయేవాళ్లు మరో రకం. ఆ పేరా పూర్తయ్యేదాకా పేజీ అరుస్తూనే ఉంటుంది. దాన్నంతగా పట్టించుకోనక్కర్లేదు, పెళ్లిళ్ల మైకులకు అలవాటు పడ్డ జనం మనం.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే తప్పు మాత్రం సి భాష పాఠంలోది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతివాడూ మొదట రాసేది 'హలో' అని తెర మీద చూపించే ఒక్క వరుస. హలో తర్వాత బ్యాక్‌స్లాష్, ఎన్. అంటే 'కొత్త వరుసలోకి దిగు' అని. ఆ తర్వాత కొటేషన్ మూసి, బ్రాకెట్ మూసి, సెమికోలన్. పవిత్రమైన వరుస. దాన్ని ఉన్నదున్నట్టు మ్యాన్ పేజీలో ఉదాహరణగా పెట్టారనుకోండి. జీరాఫ్‌కు బ్యాక్‌స్లాష్ ఎన్ అంటే అర్థం వేరు: 'పక్కన చెప్పిన పేరుగల డబ్బాలో ఎంత అంకె ఉందో చూసి చెప్పు.' పక్కన ఏ పేరుంది? కొటేషన్ గుర్తుంది. కొటేషన్ గుర్తు పేరుతో డబ్బా ఏదీ లేదు గనక, లేనిదాని విలువ సున్నా. ఇక తెర మీద మనకు ప్రత్యక్షమయ్యేది:

ప్రింట్ఎఫ్("హలో0);

కొత్త వరుస పోయింది. మూసిన కొటేషన్ పోయింది. ఎక్కడినుంచో ఒక సున్నా ఊడిపడింది. దీన్ని చూసి రాసిన పిల్లవాడికి కంపైలర్ పెట్టే చీవాట్లు ఇన్నీ అన్నీ కావు. 'చదవేస్తే ఉన్న మతి పోయింది' అన్న సామెత ఈ సందర్భం కోసమే పుట్టి ఇన్నాళ్లూ కాచుక్కూర్చుందేమో. ఇంతా చేసి దిద్దుబాటేమిటి? ఆ బ్యాక్‌స్లాష్ పక్కన ఒక ఇంగ్లిషు 'ఇ' అక్షరం చేర్చాలి. అప్పుడది ఆజ్ఞ కాకుండా, ఉత్త బ్యాక్‌స్లాష్‌గా తెర మీద కనబడుతుంది. ఒక్క అక్షరం.

ఇంత చిన్న తప్పులు ఇన్నేళ్లు ఎలా బతికాయంటే, రాసేవాడు కూర్చున్న చోటు అలాంటిది.

ఆ చోటుకు తగిన పేరు మా పొరుగునే దొరికింది. జహీరాబాద్ పక్కనే పస్తాపూర్. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడిదే. చిరుధాన్యాల సేద్యానికి పేరుపడ్డ సంస్థ. ఆ సంస్థకు చెందిన ఊరి సంగాల్లోని (మహిళా సంఘాల్లోని) దళిత మహిళలు, చాలామంది బడి గడప తొక్కనివాళ్లు, వీడియో కెమెరా చేతబట్టి సినిమాలు తీశారు. 2008 నుంచి మాచునూరులో సంగం రేడియో నడిపారు. కెమెరా నేర్చుకునేటప్పుడు కోణాలకు ఉన్న ఇంగ్లిషు పేర్లను వాళ్లు నెత్తిన పెట్టుకోలేదు. కెమెరాను ఎత్తున పెట్టి మనిషిని పైనుంచి కిందికి చూపిస్తే దానికి 'పటేల్ షాట్' అని పేరు పెట్టారు. ఎత్తున కూర్చున్న పటేలుకు కింద నిలబడ్డ కూలి అలాగే కనబడతాడు కదా! కళ్లకు కళ్లు ఎదురుగా, ఒకే ఎత్తులో పెడితే 'సంగం షాట్'. సంగంలో అందరూ కింద చాప మీదే కూర్చుంటారు గనక. కెమెరా పాఠాల పుస్తకాలు ఎన్ని తిరగేసినా ఇంత తేటగా చెప్పిన మాన్యువల్ నాకు తగల్లేదు.

మ్యాన్ పేజీల్లో సగానికి సగం పటేల్ షాట్‌లో తీసినవే. రాసినవాడికి ఆదేశం ముందే తెలుసు. గీత ఏదైనా వాడి వేళ్లు సరైన గీతే కొడతాయి, కాపీ చేసే అగత్యం వాడికి రాదు. వరుస మాయమైనా వాడి బుర్రలో ఉంటుంది. హలో పక్కన సున్నా ఉన్నా వాడి కన్ను దాన్ని దిద్దుకుని చదువుతుంది. అందుకే వాడికి ఏ తప్పూ కనబడదు. కిందనుంచి చూసేవాడికి కనబడేవన్నీ తప్పులే. వాడు నోరు విప్పితే 'సరిగ్గ కొట్టు బిడ్డా'.

ఇంకా తమాషా ఏమిటంటే లినక్స్‌కు పూర్వీకుడైన యూనిక్స్ అనే ఈ మహావృక్షానికి నీళ్లు పోసిందే అక్షరాలు పేర్చే పని. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీల బృందానికి పీడీపీ-11 అనే కొత్త యంత్రం కావలసి వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తాం, డబ్బివ్వండంటే పైవాళ్లు ఇవ్వరు. అందుకని కాగితాలు దిద్దుకునే, పేర్చుకునే వ్యవస్థ తయారు చేస్తామని చెప్పి యంత్రం తెప్పించుకున్నారు. 1971లో దాన్ని మొదట వాడింది అదే సంస్థలోని పేటెంట్ విభాగం, దరఖాస్తులు టైపు చేసుకోవడానికి. అంటే ఫార్మాటింగ్ పేరు చెప్పుకుని పొట్టపోసుకున్న కుటుంబం ఇది. ఇవాళ అదే కుటుంబంలో ఫార్మాటింగ్ తప్పు గురించి మాట్లాడితే 'అదెంత పని, తర్వాత చూద్దాం' అంటారు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

1971 నవంబరు 3వ తేదీతో వచ్చిన ఆ మొదటి యూనిక్స్ మాన్యువల్‌లో ప్రతి పేజీకీ పేరు, వాడే పద్ధతి, వివరణతోపాటు 'లోపాలు' అనే భాగం ఉండేది. మా ప్రోగ్రామ్‌లో ఈ ఈ దోషాలున్నాయి అని వాళ్లే రాసుకునేవారు. చివర 'యజమాని' అనే భాగం కూడా ఉండేది. ఈ ఆదేశం సంగతి ఎవరిని అడగాలో పొట్టి పేరుతో సహా అక్కడుండేది. తప్పు కనబడితే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలిసేది. ఇప్పుడు లోపాల భాగంలో 'ఏమీ లేవు' అని రాసేవాళ్లను చూశాను. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. ఇక యజమాని సంగతి అడక్కండి.

ఎందుకంటే ఈ రోజుల్లో చాలా పేజీల్ని మనిషి రాయడు. ఎక్కడో మార్క్‌డౌన్‌లోనో, పెర్ల్ వాళ్ల పాడ్‌లోనో, ప్రోగ్రామ్ ఇచ్చే సహాయ సందేశంలోనో నాలుగు ముక్కలుంటే వాటిని ఇంకో యంత్రం మ్యాన్ పేజీగా మారుస్తుంది. 'ఈ ఫైలును ముట్టుకోవద్దు, ఇది యంత్రం తయారు చేసింది' అని నెత్తిన బోర్డు కూడా తగిలిస్తుంది. తప్పుందని చెబితే ప్రోగ్రామ్ వాళ్లు యంత్రం వైపు వేలు చూపిస్తారు. యంత్రం వాళ్లు 'మీరు పెట్టిన పిండిని బట్టే రొట్టె' అంటారు. పంపిణీదారు 'పైనుంచి అట్లనే వచ్చింది' అంటాడు. పాస్‌బుక్కులో పేరు తప్పుపడితే ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవమున్న మండలం మాది, ఈ జవాబులు మాకు వరసలతో సహా కంఠతా వచ్చు.

ఇక ఎవరైనా ఓపిగ్గా తప్పుల జాబితా రాసి పంపారనుకోండి. దాని మీద 'స్వల్పం' అని ముద్ర పడుతుంది. స్వల్పం అంటే చేయరని కాదు, చేసే తేదీ చెప్పరని. కొత్త రంగు, కొత్త లోగో మాత్రం 'అత్యవసరం' కింద జమ.

అయితే ఈ తప్పులు పట్టేవాళ్లలోనూ ఒక జాతి ఉంది, వాళ్లని వదిలేస్తే నాకు పక్షపాతం అంటుకుంటుంది. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్లు. వరుస చివర ఎవరికీ కనబడని ఖాళీ ఒకటి మిగిలిందని ఫిర్యాదు. ప్రతి వాక్యాన్నీ కొత్త వరుసలో మొదలెట్టలేదని ఫిర్యాదు. ఈ రెండోది నిజానికి మంచి సలహా. 1970ల్లోనే బెల్ ల్యాబ్స్‌లోని బ్రయాన్ కెర్నిహన్ చెప్పినది. వాక్యం ఎక్కడ ముగిసిందో యంత్రానికి తెలుస్తుంది, ఒక వాక్యం మారిస్తే మారింది అదొక్కటేనని తర్వాత దిద్దేవాడికీ తెలుస్తుంది. కానీ పేజీ మొత్తంలో ఆదేశం పనిచేసే తీరే తప్పుగా రాసి ఉండగా, దాన్ని చదవకుండానే యంత్రం కక్కిన హెచ్చరికలన్నీ మూటగట్టి రచయిత గుమ్మంలో పడేసి వెళ్లిపోవడం సేవ కాదు, చెత్త వేసిరావడం. మాయమైన వరుసనూ, మిగిలిపోయిన ఖాళీనీ ఒకే గాటన కట్టేవాళ్ల వల్లే మొదటిది కూడా 'స్వల్పం' ఖాతాలోకి వెళ్లింది.

మన భాష దగ్గరికి వస్తే, నవ్వాలో ఏడవాలో తేల్చుకునేందుకు కాస్త టైము పడుతుంది.

డెబియన్‌లో జర్మన్‌కు, ఫ్రెంచికి, జపనీస్‌కు, పోలిష్‌కు మ్యాన్ పేజీల అనువాదాలు విడివిడి ప్యాకేజీలుగా ఉన్నాయి. తెలుగుకు లేదు. ఉన్నా ఏమవుతుందో చూద్దాం. టెర్మినల్ అనేది గళ్ల నోటుబుక్కు, అక్షరానికో గడి. 'స్త్రీ' అన్న మాట తీసుకోండి. మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌కు ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. గళ్లు లెక్కపెట్టే మామూలు పద్ధతి పొల్లునీ గుడినీ వదిలేసి, మూడు హల్లులకు మూడు గళ్లు కేటాయిస్తుంది. ఒకే చోట కూర్చునే అక్షరానికి మూడు కుర్చీలు. ఫలితంగా కొన్ని టెర్మినళ్లలో ఒత్తులు ఊడి పక్కన పడతాయి, కొన్నింటిలో మాటల మధ్య గుంతలు పడతాయి, పట్టికల్లో నిలువు గీతలు తాగి నడుస్తాయి.

జహీరాబాద్ బజారులో దుకాణాల బోర్డులు ఒకసారి చూడండి. ఒకే రేకు మీద తెలుగు ఎడమనుంచి కుడికి, ఉర్దూ కుడినుంచి ఎడమకు. మధ్యలో ఫోన్ నంబరు. బోర్డు రాసే పెయింటర్ ముందుగా సుద్దముక్కతో రెండు గీతలు కొట్టుకుంటాడు, క్రావడి ఎంత కిందికి దిగుతుందో, ఒత్తుకు ఎంత చోటు వదలాలో చూసుకుంటాడు, ఆ తర్వాతే బ్రష్ ముంచుతాడు. ఒక్క ఒత్తూ బోర్డు దాటి పోదు. ఆయనకు ఏ కంపెనీ వాళ్లూ జీతం ఇచ్చి 'టెక్స్ట్ రెండరింగ్ నిపుణుడు' అని కార్డు కొట్టించలేదు.

కంపెనీల నిపుణుల సంగతి 2018 ఫిబ్రవరిలో చూశాం. ఐఫోన్ల మీద ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, మెసేజ్ వచ్చిన యాప్ కుప్పకూలేది. ఏ అక్షరమనుకుంటున్నారు? 'జ్ఞా'. దాని కడుపులో కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు పడితే, లక్ష రూపాయల ఫోను మూర్ఛపోయేది. అదే నెలలో 11.2.6 అనే సవరణ ఇచ్చి ఆపిల్ వాళ్లు బయటపడ్డారు. దాన్ని 'స్వల్పం' అనలేదు. అమెరికాలో వాడి ఫోనూ పడిపోయింది కదా, అందుకు.

మనవాళ్ల చేతివాటం కూడా తక్కువేం కాదు. డీటీపీ సెంటర్లో పాత ఫాంటుతో కొట్టిన పెళ్లిపత్రిక అక్కడి తెర మీద చూడముచ్చటగా ఉంటుంది. అదే మాటల్ని కాపీ చేసి ఫోన్లో పెడితే ఇంగ్లిషు అక్షరాల గోంగూర. ఇంకొందరు పూర్ణానుస్వారం కొట్టాల్సిన చోట తెలుగు అంకె సున్నా కొడతారు. కంటికి అదీ సున్నాయే, ఇదీ సున్నాయే. ఆ పేరు జాబితాలో వెతికితే మాత్రం దొరకదు, మనిషి ఎదురుగా నిలబడి 'నేనేనయ్యా' అన్నా సరే. మ్యాన్ పేజీలో గీత చేసిన మోసమూ ఇదే జాతిది: చూపుకు ఒకటి, లోపల ఇంకొకటి. తెలుగు టైపింగుతో తలబాదుకున్నవాడికి జీరాఫ్ గొడవ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మనం ఈ రోగంలో డాక్టరేట్ చేసినవాళ్లం.

అందుకే ఈ ఊరి కాలేజీల పిల్లలకు ఒక పని అప్పజెబుతున్నాను. ఈ తప్పులు పట్టడానికి మేధావులు అక్కర్లేదు. మ్యాన్‌డాక్ అనే ప్రోగ్రామ్‌కు 'లింట్' అని చెప్పి పేజీని ఇస్తే, ఏ వరుసలో ఏం తేడా ఉందో వరసగా చదివి వినిపిస్తుంది. జీరాఫ్‌ను హెచ్చరికలన్నీ చూపించమని అడిగితే మింగిన చుక్కల వరుసనూ, లేని డబ్బానూ ఒప్పుకుంటుంది. అడగకపోతే చెప్పదు, అదొక్కటే దాని దుర్గుణం. మ్యాన్ ఆదేశానికే హెచ్చరికలు చూపించే సదుపాయం ఉంది. డెబియన్ వాళ్ల లింటియన్ ఇదే పరీక్ష ప్యాకేజీలన్నిటి మీదా నడుపుతుంది, ఆ ఫలితాలు ఎవరైనా చూడొచ్చు. ఇవన్నీ ఒక్క క్షణం పని. సాకులు చెప్పడానికి పట్టే సమయం అంతకన్నా ఎక్కువ.

యంత్రం చెప్పినవన్నీ పంపకండి. చదివేవాడికి మాట పోయేవి, కాపీ చేస్తే పనిచేయనివి, వెతికితే దొరకనివి, ముందు ఆ మూడు రకాలే ఏరండి. ఫైలు పైన 'యంత్రం తయారు చేసింది' అన్న బోర్డుంటే దాన్ని ముట్టుకోకండి, తర్వాతి వెర్షన్ రాగానే మీ దిద్దుబాటు కొట్టుకుపోతుంది. దాని అసలు మూలం ఎక్కడుందో వెతికి అక్కడ దిద్దండి. ఉత్తరంలో ఏ వరుస, తెర మీద ఇప్పుడెలా కనబడుతోంది, దిద్దాక ఎలా కనబడింది, మూడూ రాసి, దిద్దిన ముక్కను కూడా జతచేయండి. జవాబు రాకపోతే నెల తర్వాత మర్యాదగా మళ్లీ రాయండి. అప్పటికీ 'స్వల్పం' అనే ముద్ర వేసి కూర్చుంటే, హెచ్చరిక మాయమైన ఆ పేజీ తెరను ఫొటో తీసి మూడో ఉత్తరానికి అంటించండి.